ఇరవై నాలుగో వంతు తివాచీ

మా ఆవిడ భ్రమరాంబ స్నానానికి వెళ్తూ అద్దానికి అంటించిన బొట్టుబిళ్లతో ఈ వ్యవహారమంతా మొదలైంది. ఆ సంగతి నేను ఇప్పటిదాకా ఏ అధికారికీ చెప్పలేదు. చెబితే బొట్టుబిళ్ల మీద కూడా ఒక ఫైలు తెరిచి ఉండేవారు.

నాది కార్లకు సీటు కవర్లు కుట్టే షాపు. లోపల నేలమీద తివాచీ పరచడం, చిరిగితే మార్చడం కూడా నా పనే. చదువు పదో తరగతి. పొద్దున దీపం వెలిగించి, సహస్రనామం చదువుకుని షాపు తెరిచి, సాయంత్రం మూసి ఇంటికి పోయే మనిషిని. ప్రభుత్వం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అప్పుడప్పుడు చిన్న చిన్న సందేహాలు మాత్రం వస్తుంటాయి.

ఏటా దసరాకి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. రెండేళ్ల కిందట కొలువులో పెళ్లికూతురు, పెళ్లికొడుకు బొమ్మలు ఊరేగడానికి నేనొక చిన్న కారు చేశాను. జానెడు పొడవు. తలుపులు తెరుచుకుంటాయి. సీట్లకు కవర్లు కూడా కుట్టాను. అన్నీ కుదిరాయి గాని లోపలి తివాచీ కుదరలేదు. వెల్వెట్ గుడ్డ ముక్క కత్తిరించి అంటిస్తే పరుపు వేసినట్టుంది.

"ఇందులో పెళ్లివాళ్లు కూచుంటారా, పడుకుంటారా?" అంది భ్రమరాంబ.

మర్నాడు అద్దం మీద ఆ బొట్టుబిళ్ల చూశాను. ఎర్రగా, మెత్తగా, పైన సన్నటి నూగు. గోటితో తాకితే అచ్చం కొత్త కారు తివాచీ. బొట్టుబిళ్లలు తయారుచేసే చోట వాకబు చేస్తే అది గుడ్డ కాదన్నారు. పిండిలా తరిగిన దారప్పొడిని జిగురు మీద చల్లుతారట. అరకిలో తెచ్చుకున్నాను. కారు నేలకు ముందు ఎర్రరంగు వేశాను. ఆరాక తెల్ల జిగురు పలచగా పూశాను. టీ వడపోసే జల్లెడలో పొడి పోసి, ముగ్గు చల్లినంత ఓపిగ్గా తడుతూ నేల కనపడకుండా రాల్చాను. వేలితో మెత్తగా అదిమి ఒక పూట వదిలేశాను. తర్వాత కారు బోర్లించి తట్టితే అక్కర్లేని పొడి రాలిపోయి, జిగురు పట్టుకున్న నూగు మాత్రం నిలబడింది.

పేరంటానికి వచ్చినవాళ్లు కారులోకి వేలు పెట్టి చూసి, "నిజం తివాచీయేనమ్మా!" అన్నారు. వాళ్లలో ఒకావిడ తాతారావు గారి భార్య. తాతారావు గారు జిల్లా సంచార వైద్య వాహనాల కార్యాలయంలో సీనియర్ సహాయకులు. నా తివాచీ ప్రభుత్వంలోకి వెళ్లిన దారి అదీ.

చైత్రమాసంలో ఒక ఉదయం ఏడో నంబరు బండి నా షాపు ముందు ఆగింది. అది కొండల మీది పద్నాలుగు గూడేలకు తిరిగే వైద్యం బండి. నడిపేది పైడిరాజు. పక్కసీటులో టీకామందు పెట్టె ఒళ్లో పెట్టుకుని కూచునేది నర్సు జయశీల. ఆవిడ కాళ్లు పెట్టుకునే చోట తివాచీ చివికిపోయి, కింద రేకు తుప్పుపట్టి, చెయ్యి పట్టేంత కన్నం పడింది.

"కామేశం గారూ, నిన్న నా చెప్పు ఇందులోంచి జారి రోడ్డు మీద పడిందండి. ఇంకో నెల పోతే నేనే పడతాను," అంది జయశీల.

"పడితే నాకు తెలీదు బాబూ," అన్నాడు పైడిరాజు. "సిస్టరమ్మ తిట్లు ఇనపడ్డం మానీసినాయంటే అప్పుడు బండి ఆపుతాను."

నేను వంగి చూశాను. పక్క షాపు వెల్డింగు అతను రేకు ముక్క అతికిస్తే, పైన కొత్త తివాచీ పరచడం ఒక పూట పని. సాయంత్రానికి బండి ఇచ్చేస్తానన్నాను. సుత్తి చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే తాతారావు గారు స్కూటరు మీద రొప్పుతూ వచ్చారు.

"ఆపండి! ఆపండి! కన్నాన్ని ముట్టుకోవద్దు!"

పామేదైనా ఉందేమోనని నేను వెనక్కి గెంతాను. పాము కాదు, ఉత్తర్వు. ఆయన చంకలోంచి కాగితం తీసి నిలబడి చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నమూనా ఆధారిత నిర్ణయ విధానము అమలులోనికి వచ్చినందున, ఇకపై ఏ వాహనమునకైనను మరమ్మతు ప్రతిపాదన పంపునపుడు, సదరు వాహనము యొక్క ఇరవై నాలుగవ వంతు నమూనాను తయారు చేయించి జతపరచవలెను. నమూనా ఆమోదము పొందనిదే అసలు వాహనమును మరమ్మతు చేయరాదు."

కొత్తగా వచ్చిన ప్రత్యేకాధికారి పరంజ్యోతి గారు అంతకు ముందు నెల ఏదో పెద్ద నగరంలో శిక్షణకు వెళ్లారట. అక్కడ వంతెన కట్టే ముందు వంతెన బొమ్మ, ఆనకట్ట కట్టే ముందు ఆనకట్ట బొమ్మ చేసి చూపించారట. ఆయనకు అది బాగా నాటుకుంది. వచ్చిన మర్నాడే కార్యాలయం గుమ్మం మీద 'నమూనా లేనిదే నిర్ణయం లేదు' అని పెద్ద అక్షరాలతో రాయించారు.

"నాదొక చిన్న సందేహం అండి," అన్నాను. "వంతెన ఇంకా లేదు కాబట్టి బొమ్మ చేస్తారు. ఈ బండి ఎదురుగానే ఉంది కదండీ. కన్నంలోంచి రోడ్డు కూడా కనిపిస్తోంది."

తాతారావు గారు జాలిగా నవ్వారు. "అయ్యా, ఎదురుగా ఉన్నదాన్ని ఫైల్లో పెట్టగలమా?"

నమూనా చేయగలవాడు జిల్లాలో నేనొక్కడినేనని పేరంటం ద్వారా ఆయనకు ముందే తెలుసు. ఆ విధంగా, ఒక పూటలో అసలు బండి బాగుచేయగలిగిన నన్ను బండి బొమ్మ చేయడానికి నియమించారు. పైడిరాజు కన్నం మీద ఒక చెక్క వేసుకుని జయశీలను కొండమీదికి తీసుకెళ్లాడు.

పది రోజులు కష్టపడి బండి చేశాను. తెల్లటి బండి, పక్కన నీలం గీత, వెనక మందుల అర. లోపల నీలం నూగు తివాచీ. దేవుడి ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కార్యాలయానికి పట్టుకెళ్లాను.

పరంజ్యోతి గారు పొడుగ్గా, మర్యాదగా ఉన్నారు. మాట కూడా మెత్తగా, అచ్చువేసినట్టు వస్తుంది. నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగి, అద్దంలోంచి లోపలికి చూసి, "కన్నం ఏదీ?" అన్నారు.

"బాగుచేశాక ఎలా ఉంటుందో అలా చేశానండి."

"కామేశం గారూ, నమూనా అనేది కోరికను ప్రతిబింబించదు. యథాతథ స్థితిని ప్రతిబింబిస్తుంది. లోపం లేని నమూనాను చూసి లోపాన్ని సరిదిద్దమని నేను పైవారిని ఏ ముఖంతో కోరను?"

న్యాయంగానే అనిపించింది. తిరిగి తెచ్చుకుని నేలకు గుండుసూదితో కన్నం పొడిచాను. దాని అంచులకు తుప్పు రంగు వేశాను. జయశీల చెప్పులు రాసుకునే చోట నూగును బ్లేడుతో గీకి అరగదీశాను. పాత తివాచీలను కొత్తవి చేయడం నా వృత్తి. కొత్త తివాచీని పాతది చేయడం అదే మొదటిసారి. చేతులకు పాపం చుట్టుకున్నట్టు అనిపించి ఆ పూట స్నానం చేసి గాని అన్నం తినలేదు.

ఈసారి నమూనాను పరిశీలించడానికి ఒక ఉపసంఘం ఏర్పడింది. దాని పేరు 'అంతర్భాగ తివాచీ నూగు పొడవు నిర్ధారణ ఉపసంఘం'. ముగ్గురు సభ్యులు, ఒక భూతద్దం. అసలు బండి తివాచీ నూగు ఆరు మిల్లీమీటర్లు. అందులో ఇరవై నాలుగో వంతు పావు మిల్లీమీటరు. నా పొడి అర మిల్లీమీటరు.

"అంటే ఈ నమూనా ప్రకారం అసలు వాహనంలో నూగు పన్నెండు మిల్లీమీటర్లు ఉండాలి," అన్నాడు మొదటి సభ్యుడు. "మిగతా ఆరూ ఎవరు తిన్నారు?"

"డ్రైవరును విచారించాలి," అన్నాడు రెండో సభ్యుడు.

మూడో సభ్యుడు భూతద్దంలోంచి నన్ను చూశాడు. ఆ కన్ను అరచేయంత కనిపించింది.

పైడిరాజును పిలిపించారు. "నూగు నేనేటి సేసుకుంతాను బాబూ? కూర వొండుకుంతానా?" అన్నాడతను. ఆ జవాబును కూడా వరుస సంఖ్య వేసి నమోదు చేసుకున్నారు. నేను పొడిని పల్చటి మల్లుగుడ్డలో జల్లించి, అందులో సన్నటిది ఏరి, నేలంతా మళ్లీ గీకి మళ్లీ చల్లాను. ఉపసంఘం సంతృప్తి వ్యక్తం చేసింది.

ఈలోగా ఇంకొక చిక్కు వచ్చింది. నమూనా ఆమోదం కోసం బల్లల మీద తిరుగుతుంటే బండి రోడ్ల మీద తిరుగుతోంది. కన్నం పెరుగుతోంది. పదిహేను రోజులకోసారి తాతారావు గారు టేపు పట్టుకెళ్లి కన్నం కొలిచి, ఆ కాగితం నాకు పంపేవారు. నేను గుండుసూదితో నా కన్నాన్ని ఆ మేరకు పెంచేవాడిని. నాలుగుసార్లు కొలిచారు, నాలుగుసార్లు పెంచాను. నమూనా ఒక బల్ల దాటి ఇంకో బల్లకు చేరేసరికి బండి మళ్లీ మారిపోయేది.

జ్యేష్ఠమాసంలో పరంజ్యోతి గారు దీనికి శాశ్వత పరిష్కారం కనిపెట్టారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"లోపం నమూనాలో లేదు," అన్నారు ఆయన. "నమూనా స్థిరంగా ఉంది. వాహనమే అస్థిరంగా ఉంది. కాబట్టి నమూనా ఆమోదం పొందే వరకు సదరు వాహనాన్ని కదపరాదు."

ఏడో నంబరు బండిని కార్యాలయం ఆవరణలో నిలిపి, పైన టార్పాలిను కప్పి, తాళ్లతో కట్టి, ముడుల మీద లక్క ముద్రలు వేశారు.

జయశీల అదే రోజు కార్యాలయానికి వచ్చింది. ఆవిడ గట్టిగా అరిచే మనిషి. ఆ రోజు అరవలేదు. "అయ్యా, పనసగూడెంలో సింగారమ్మ అని ఒక అమ్మాయి ఉంది. ఆరో నెల. ఒంట్లో రక్తం లేదు. మొదటి కాన్పు పోయింది. నెలకి రెండుసార్లు చూసి మందివ్వాలి. నొప్పులొస్తే బండి గూడెం కింది మలుపు దాకా వస్తుందని నేను మాటిచ్చాను. చెక్క వేసుకుని పోతున్నాం కదండీ, పోనివ్వండి," అంది.

"మీ ఆవేదన నమోదు చేసుకుంటున్నాను," అన్నారు పరంజ్యోతి గారు. నిజంగానే నమోదు చేసుకున్నారు. ఆయనలో అబద్ధం లేదు.

"నాదొక సందేహం అండి," అన్నాను నేను. "బండి బాగుపడాలని నమూనా చేయించారు. ఇప్పుడు నమూనా బాగుండాలని బండిని ఆపారు. ఇందులో ఏది దేనికోసమో నా చదువుకి అందటం లేదు."

"పరస్పరం," అన్నారు ఆయన.

ఇంటికొచ్చి ఆ మాట భ్రమరాంబకు చెప్పాను. ఆవిడ పప్పు తాలింపు వేస్తూ, "ఆ పిల్లకి ఎన్నో నెల అన్నారూ?" అని అడిగింది. నేను చెప్పినదాంట్లో ఆవిడకు వినపడింది అదొక్కటే.

ఆ రోజు నుంచి జయశీల టీకామందు పెట్టె భుజాన వేసుకుని బస్సు దిగి నడిచి కొండెక్కేది. వెళ్లగలిగినన్ని గూడేలకు వెళ్లేది. పద్నాలుగింటికి నాలుగో, అయిదో.

నమూనాకు మాత్రం మంచి రోజులొచ్చాయి. అది ఇప్పుడు జిల్లాలో యథాతథ స్థితిలో ఉన్న ఏకైక వాహనం. దానికి గాజుపెట్టె చేయించారు. తివాచీ నూగు వాలిపోకుండా ఏసీ గదిలో ఉంచారు. ఏడో నంబరు బండి డ్రైవరు ఖాళీగా ఉన్నాడు కనుక పైడిరాజును నమూనాకు డ్రైవరుగా వేశారు. పొద్దున పదింటికి వచ్చి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, లాగ్ బుక్కులో 'బయలుదేరలేదు' అని రాయడం అతని ఉద్యోగం.

"ఏటి బాబూ ఈ రాత!" అన్నాడు ఒకసారి నా షాపు దగ్గర కూచుని. "ఇరవయ్యేళ్లు కొండెక్కినాను. గుంటలో పడ్డాను, వాగులో తడిసినాను. ఎవులూ బాగా సేసినావని అన్నేదు. ఇప్పుడు కుంచెట్టుకుని కూకుంటే మెమెంటో ఇచ్చినారు."

నిజమే. కార్యాలయానికి పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. వాహనాలు ఇంత తక్కువ అరుగుదలతో ఉన్న జిల్లా ఇంకొకటి లేదట.

శ్రావణం మొదట్లో పరంజ్యోతి గారికి ఒక ఆలోచన తట్టింది. గూడేల జనం బండిని చూసి రెండు నెలలు కావస్తోంది. వారికి వాహన సేవల మీద అవగాహన తగ్గిపోకుండా 'సంచార వైద్య వాహన అవగాహన వారోత్సవాలు' జరపాలి. నమూనాను గూడెం గూడేనికీ తీసుకెళ్లి చూపించాలి. మొదటి గూడెం పనసగూడెం. నమూనా ఎక్కే వాహనానికి కూడా నమూనా కావాలా అని తాతారావు గారు ఒక నోటు పెట్టారు గాని, అది తేలేలోగా వారోత్సవం తేదీ వచ్చేసింది. నూగు ఎక్కడైనా ఊడితే అంటించడానికి జల్లెడ, జిగురు, పొడి డబ్బా తీసుకుని నన్నూ రమ్మన్నారు.

తారురోడ్డు ఉన్నంత దాకా పరంజ్యోతి గారు తన కారు తానే నడుపుతూ మమ్మల్ని తీసుకెళ్లారు. అక్కడి నుంచి పనసగూడెం కింది మలుపు దాకా మట్టిరోడ్డు, అయిదు కిలోమీటర్లు. ఏడో నంబరు బండి రోజూ ఎక్కిన దారే. కాని కారు కొత్తది. లోపల లేత రంగు తివాచీ. మట్టి దారిలో పోతే పాడవుతుందని పరంజ్యోతి గారు కారును తారురోడ్డు మీదే ఆపేశారు. నమూనాను నడిపించడం కుదరదు కనుక డోలీ కట్టించారు. వెదురు కర్రకు దుప్పటి ఊయలలా కట్టి, అందులో గాజుపెట్టె పెట్టి, ఇద్దరు కూలీలు భుజాన వేసుకున్నారు. మారడానికి ఇంకో ఇద్దరు. డోలీకి ఒక పక్క పైడిరాజు కుంచెతో, ఇంకో పక్క తాతారావు గారు ఉత్తర్వుతో. వెనక పరంజ్యోతి గారు గొడుగు నమూనా మీదికి పట్టి నడిచారు. జయశీల మాతో రాలేదు. ముందు రోజే నడిచి పైకి వెళ్లిందట.

మలుపు ఇంకా కిలోమీటరు ఉందనగా సన్నగా చినుకులు మొదలయ్యాయి. అక్కడ దారి ఒక పక్క కోసుకుపోయి ఇరుకైంది. పై నుంచి ఇంకొక డోలీ దిగుతోంది. మోస్తున్న ఇద్దరికీ చెమటా వానా కలిసి కారుతున్నాయి. పక్కన జయశీల. డోలీలోంచి మూలుగు వినిపిస్తోంది. సింగారమ్మ. రోజులు నిండకముందే నొప్పులు వచ్చాయి.

రెండు డోలీలూ ఎదురెదురుగా ఆగాయి. ఎవరో ఒకరు పక్కకి తగ్గాలి.

తాతారావు గారు అలవాటు కొద్దీ కాగితం విప్పారు. "సదరు నమూనాకు వాహన హోదా కల్పించడమైనది. కాలినడకన వచ్చేవారు వాహనమునకు..."

ముందు మోస్తున్న ముసలాయన సింగారమ్మ మామ. ఆయన కాగితాన్ని చూడలేదు, మా డోలీని చూశాడు. "ఆ డోలీలో ఎవులు బాబూ? మీకూ మడిసికి బాగోనేదా?" అని అడిగాడు.

పైడిరాజు తలొంచుకుని, "బండి, తాతా," అన్నాడు.

"ఏ బండి?"

"మన ఏడో నంబరు బండి."

ముసలాయన కర్ర భుజం మీద ఉండగానే మెడ సాచి గాజుపెట్టెలోకి చూశాడు. తెల్లరంగు గుర్తుపట్టాడు. నీలం గీత గుర్తుపట్టాడు. "అదే. ఇయాల బండొస్తాదన్నారని మలుపు కాడ కూకుని దీనికోసమే సూసినాం బాబూ. ఎంతకీ రాకపోతే దిగిపోతన్నాం." నిజంగా బాధపడుతూ అన్నాడు. "ఇంత సిక్కిపోనాదేటి?"

వెక్కిరింపు కాదది. మా ఇంట్లో మనిషి మంచం పట్టి లేస్తే ఎలా అంటామో అలా అన్నాడు.

జయశీల మాత్రం అలా అనలేదు. "చూశారు కదయ్యా యథాతథ స్థితి," అంది పరంజ్యోతి గారితో. "ఇది కూడా నమోదు చేసుకోండి."

డోలీలో సింగారమ్మ ముఖం మీద చినుకులు పడుతున్నాయి. పరంజ్యోతి గారి చేతిలో గొడుగు ఒక్కటే ఉంది, అది నమూనా మీద ఉంది. ఆయన దాన్ని చూశారు, ఆమెను చూశారు. తర్వాత రెండడుగులు వేసి గొడుగు ఆమె మీద పట్టారు. ఏ ఉపసంఘాన్నీ అడగకుండా ఆయన ఒక పని చేయగా చూడటం నాకు అదే మొదలు.

తర్వాత జేబులోంచి కారు తాళాలు తీసి పైడిరాజు చేతిలో పెట్టారు. "మట్టిదారిలో తేగలవా?" అన్నారు.

"ఇరవయ్యేళ్లు అదే పని సేసినాను బాబూ," అని పైడిరాజు కుంచె అక్కడే పారేసి కిందికి పరిగెత్తాడు.

గాజుపెట్టెను ఒక బండరాయి మీద దింపేశారు. నమూనాను మోసిన కూలీలు ముసలాయన భుజం మీది కర్ర అందుకున్నారు. నలుగురూ మార్చుకుంటూ కిందికి నడిచారు. సగం దారిలో కారు ఎదురొచ్చింది, తలుపుల దాకా బురదతో. సింగారమ్మను వెనక సీటులో పడుకోబెట్టారు. జయశీల ఆమెతో ఎక్కి, ఆ లేత రంగు తివాచీ మీద మోకాళ్లు ఆనించి కూచుంది. నేను ముందు సీటులో కూచుని వెనక్కి తిరగకుండా నాకు వచ్చిన నామాలన్నీ చదివాను. వరస తప్పాయి. స్వామి ఏమీ అనుకోలేదు. ఆసుపత్రి ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా కారులోనే ఆడపిల్ల పుట్టింది. ఏడుపు విని పైడిరాజు బండి ఆపబోతే, "ఏడుస్తోందంటే బతికుందని, పోనియ్!" అని జయశీల కేక వేసింది. తల్లీ పిల్లా దక్కారు.

నమూనా సంగతి మర్నాడు గాని ఎవరికీ గుర్తురాలేదు. గాజుపెట్టె మూత పక్కకి జరిగి, లోపలికి నీరు చేరి, తెల్ల జిగురు కరిగి, నూగంతా నీలం బురదై కన్నంలోంచి కారిపోయింది. 'గొడుగు మళ్లింపునకు బాధ్యులెవరు' అని పై నుంచి మెమో వచ్చింది. 'నేనే' అని పరంజ్యోతి గారు ఒక్క ముక్కలో జవాబు రాశారట. తాతారావు గారు ఇంత చిన్న జవాబు తన సర్వీసులో చూడలేదని నాతో చెప్పారు.

కొత్త నమూనా చేయమన్నారు. చేశాను. పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. పరంజ్యోతి గారు లోపలికి చూశారు. నేల నిండా కొత్త నీలం నూగు, పావు మిల్లీమీటరు.

"ఇందులోనూ కన్నం లేదు," అన్నారు.

"కన్నం కొలతల కాగితాలు నాలుగున్నాయండి, నాలుగూ వేరు. ఏది పెట్టాలో తెలీక ఏదీ పెట్టలేదు," అన్నాను. "నాదొక సందేహం. నమూనా, బండి సరిపోలి తీరాలి కదండీ?"

"తీరాలి."

"నమూనాను మార్చాలంటే ఉపసంఘం కూచోవాలి. బండిని మార్చాలంటే ఎవరు కూచోవాలండి?"

తాతారావు గారు నియమాల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు. "మరమ్మతుకు నిబంధన ఉంది సార్. నమూనాకు సరిపోల్చడానికి వాహనాన్ని మార్చే విషయంలో ఏమీ లేదు."

"అంటే అడ్డం కూడా లేదన్నమాటేగా అండి?" అన్నాను.

పరంజ్యోతి గారికి అర్థమైందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. కలం తీసి ఫైలు మీద 'వాహనమును నమూనాకు సరిపోల్చవలెను. అత్యవసరం' అని రాశారు. లక్క ముద్రలు పగలగొట్టి టార్పాలిను తీశారు. పక్క షాపు అతను రేకు అతికించాడు, నేను తివాచీ పరిచాను. మొదట చెప్పినట్టే, ఒక పూట పట్టింది.

దసరా దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం నా షాపు ముందు ఆటో ఆగింది. పరంజ్యోతి గారు దిగారు.

"కారు ఏమైందండి?" అన్నాను.

ఆయన కాస్త మొహమాటపడ్డారు. "లోపలి తివాచీ మార్చాలి. ఆ రోజు మరక పడింది కదా. ప్రతిపాదన పంపాను. నమూనా జతపరచమన్నారు. ఆమోదం వచ్చేదాకా కదపరాదు. టార్పాలిను కప్పారు."

ఉత్తర్వు ఆయనదే. దాన్నుంచి ఆయన తనను తాను మినహాయించుకోలేదు. అందుకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

"యథాతథ స్థితిలోనే చేయాలి కదండీ? మరకతో సహా?"

"మరకతో సహా," అన్నారు మెల్లగా.

కారు చేశాను. లేత రంగు నూగు చల్లాను. వెనక సీటు ముందు, మరక రావాల్సిన చోట ఏ రంగు కలపాలో చాలాసేపు తోచలేదు. భ్రమరాంబ దేవుడి గదిలోంచి కుంకుమ భరిణె తెచ్చి నా ముందు పెట్టి వెళ్లింది. పొడిలో చిటికెడు కలిపి రాల్చాను.

అది ఆరేసరికి పాడ్యమి వచ్చింది. భ్రమరాంబ ఆ కారును తీసుకెళ్లి కొలువులో అన్నిటికన్నా పై మెట్టు మీద పెట్టి, వెనక సీటులో గోరంత పాప బొమ్మను పడుకోబెట్టింది. మూడో రోజు పరంజ్యోతి గారు నమూనా కోసం వచ్చారు.

"కొలువు ఎత్తేదాకా మెట్టు మీంచి తీయకూడదండి," అంది భ్రమరాంబ, ఆయన చేతిలో శనగల పొట్లం పెడుతూ.

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పై మెట్టు దాకా వంగి, కళ్లజోడు సర్దుకుని కారు లోపలికి చూశారు. నూగు కొలవలేదు. తొందరేమీ లేదన్నారు. ఇంకా అక్కడే నిలబడి, వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"పిల్ల ఎలా ఉందిట?"

"ఏడో నంబరు బండి నిన్న మలుపు దాకా వెళ్లిందండి," అన్నాను. "ఆరువారాల టీకా వేశారు. బాగా ఏడ్చిందట."